రోమన్ కంచు నాణేలు చదవడం - 4వ పాఠం: సైనికుల మధ్య ధ్వజాలు ఎన్ని?

గత పాఠంలో బొమ్మ వైపున ఉన్న ముఖాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు నాణేన్ని బొరుసు వైపుకు తిప్పుదాం. మన నమూనా, కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో క్రీ.శ. 330 ప్రాంతాన మొదలైన ‘గ్లోరియా ఎక్సెర్కితుస్’ నాణెం. ఆ మాటలకు సైన్యపు కీర్తి అని అర్థం. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి నాణెం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇవి నేటికీ విరివిగా దొరుకుతాయి, పైగా అక్షరాలు అరిగిపోయినా బొరుసు మీది చిత్రమే కాలం చెబుతుంది.

కిటికీ పక్కన కూర్చుని, వెలుగు ఏటవాలుగా పడేలా నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. శిరస్త్రాణాలు ధరించి, ఒక చేత ఈటె పట్టి, రెండో చేతిని నేలకు ఆనించిన డాలు మీద ఉంచి, ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు సైనికులు కనిపిస్తారు. వాళ్ల మధ్య ఉన్న ధ్వజాలను లెక్కపెట్టండి. రెండుంటే నాణెం 330కీ సుమారు 335కీ మధ్యది. ఒక్కటే ఉంటే ఆ తరవాతిది. అప్పట్లో నాణెం బరువును సుమారు రెండున్నర గ్రాముల నుంచి ఒకటిన్నర గ్రాముల చేరువకు తగ్గించారు. బిళ్ల చిన్నదైంది, చిత్రంలో ఒక ధ్వజం పోయింది.

ఒక్క ధ్వజమే ఉన్నప్పుడు బొమ్మ వైపు బిరుదునూ చూడాలి. కాన్‌స్టంటైన్ 337 మే 22న మరణించగా, ఆయన కొడుకులు సెప్టెంబరు 9న చక్రవర్తిని సూచించే ‘అగస్టస్’ బిరుదు ధరించారు. కాబట్టి కొడుకు పేరు పక్కన యువరాజును సూచించే ‘నోబ్ సి’ ఉంటే నాణెం ఆ తేదీకి ముందుదనీ, అగస్టస్‌కు పొట్టి రూపమైన ‘ఎ వి జి’ ఉంటే తరవాతిదనీ తేలుతుంది.

ఇక సైనికుల పాదాల కింది గీతకు దిగువన టంకశాల గుర్తు ఉంటుంది: ‘టి ఆర్’ అంటే నేటి జర్మనీలోని ట్రియర్, ‘ఎస్ ఐ ఎస్’ అంటే నేటి క్రొయేషియాలోని సిస్కియా. ట్రియర్ గుర్తు చివర ‘పి’ ఉంటే ఆ టంకశాలలోని మొదటి కార్ఖానా, ‘ఎస్’ ఉంటే రెండోది.

ఈ గుర్తు చిలుము కింద దాగి ఉంటే, దయచేసి రాగి చెంబును తోమినట్లు చింతపండుతో తోమకండి. పులుపు చిలుముతో పాటు అక్షరాల అంచులనూ తినేస్తుంది, పోయిన అంచు తిరిగి రాదు. స్వేదనజలంలో రోజుల తరబడి నానబెట్టి, మెత్తని కుంచెతో తుడవండి.

అభ్యాసం: ఒక ధ్వజం, బొమ్మ వైపు చక్రవర్తి కొడుకు రెండో కాన్‌స్టంటైన్ పేరుతో ‘నోబ్ సి’, గీత కింద ‘టి ఆర్ ఎస్’. ఈ నాణెం ఏ ఊళ్లో, ఏ కార్ఖానాలో, ఏ సంవత్సరాల మధ్య తయారైందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.