జీఎఫ్‌సీఐ అవుట్‌లెట్: బిగించడం, పరీక్షించడం

జీఎఫ్‌సీఐ అంటే కరెంటు లీకైతే వెంటనే ట్రిప్ అయ్యి, అంటే తనే సరఫరా తెంచేసి, కాపాడే అవుట్‌లెట్. బిగించే ముందు బ్రేకర్ ఆపండి. టెస్టర్‌ను కరెంటున్న చోట ఒకసారి పెట్టి, అది పనిచేస్తోందని తేలాకే తీగల మీద పెట్టి చూడండి.

ఎక్కువ మంది తడబడేది లైన్, లోడ్ స్క్రూల దగ్గరే. ప్యానెల్ నుంచి కరెంటు తెచ్చే జత లైన్‌కు, తర్వాతి అవుట్‌లెట్లకు వెళ్లే జత లోడ్‌కు బిగించాలి. ఏది ఏదో తెలియకపోతే కొసలన్నీ విడివిడిగా, దేనికీ తగలకుండా ఉంచి, బ్రేకర్ వేసి టెస్టర్‌తో చూడండి. మళ్లీ ఆపి గుర్తు పెట్టుకోండి. ఉత్తర అమెరికా వైరింగ్‌లో నల్ల ఫేజు తీగ ఇత్తడి రంగు స్క్రూకు, తెల్ల న్యూట్రల్ వెండి రంగు స్క్రూకు, ఎర్త్ ఆకుపచ్చ స్క్రూకు వెళ్తాయి. లోడ్ వాడకపోతే దాని మీది టేపు అలాగే వదిలేయండి. లోడ్ న్యూట్రల్‌ను మరో సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపారో, ఉపకరణం ఆన్ చేయగానే ట్రిప్ అవుతుంది.

బ్రేకర్ వేసి రీసెట్ నొక్కండి. ల్యాంపు పెట్టి టెస్ట్ నొక్కితే ఆరిపోవాలి. కొత్త రకాలు లైన్, లోడ్ తారుమారైతే రీసెట్టే కావు; పాతవాటిలో ట్రిప్ అయినా ల్యాంపు వెలుగుతూనే ఉండొచ్చు, అదే ప్రమాదం. ఎర్త్ లేని చోట, అవుట్‌లెట్‌లో గుచ్చి చూసే ప్లగ్ టెస్టర్‌తో అది ట్రిప్ కాదు. అవుట్‌లెట్ చెడిందనుకోకండి, 4 నుంచి 6 మిల్లీఆంపియర్ల లీకేజీకి తెగే ఆ రక్షణ ఎర్త్ లేకున్నా పనిచేస్తుంది, దాని సొంత బటన్‌తో చూడండి. నెలకోసారి.