తుఫాను రోజుల్లో నిద్రబిళ్ల వేసుకునేవాళ్లకు జాగ్రత్తలు

అక్టోబర్ వస్తే శ్రీకాకుళం తీరం వాళ్లకు గుండెల్లో రాయి పడుతుంది. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది తెల్లవారుజామునే. బియ్యం, కొవ్వొత్తులు, ఫోన్ ఛార్జింగ్ గురించి అందరూ చెబుతారు. రోజూ నిద్రబిళ్ల వేసుకునే పెద్దవాళ్ల సంగతి మాత్రం చాలా ఇళ్లలో గుర్తుకే రాదు.

మొదటి భయం, బిళ్లలు అయిపోవడం. ఆల్ప్రాజోలం, క్లోనజెపామ్ లాంటివి నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, టెన్షన్ పెరుగుతుంది. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. చెట్లు పడి దారులు మూసుకుపోయాక మందుల షాపుకి ఎలా వెళ్తారు? పైగా ఇవి చీటీ లేకుండా ఇవ్వకూడని మందులు. ఆల్ప్రాజోలం అమ్మితే 2014 నుంచి షాపువాళ్లు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసుకోవాలి. అందుకే వాయుగుండం వార్త రాకముందే డాక్టరు దగ్గరికి వెళ్లి, కొన్ని రోజులకు అదనంగా రాయించుకోండి. చీటీ జిరాక్స్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇంట్లో బాధ్యత గల ఒకరి చేతికి ఇవ్వండి. పక్కింటివాళ్ల బిళ్ల అడిగి వేసుకోవద్దు.

మామ్మల చీర చెంగు మూటలు చూశారా? కత్తెరతో ముక్కలు చేసిన స్ట్రిప్పులు, పేరూ ఉండదు, గడువు తేదీ ఉండదు. బీపీ బిళ్ల, నిద్రబిళ్ల రెండూ చిన్నగా తెల్లగానే ఉంటాయి. కరెంటు లేని రాత్రి వేళ్లతో తడిమి తీస్తే ఏది నోట్లోకి పోతుందో తెలీదు. నిద్రబిళ్ల స్ట్రిప్పు మొత్తం వేరే డబ్బాలో పెట్టి, పైన ఎర్ర పెన్నుతో రాయండి. ఆ డబ్బా పిల్లలకు అందకూడదు.

అధికారులు రాత్రికి షెల్టర్‌కి తరలిస్తామన్న రోజున ఎప్పుడైనా ఒకసారి వేసుకునేవాళ్లు మానేయడమే మంచిది. రోజూ వాడేవాళ్లు సొంతంగా మానకుండా, ఆ రాత్రి ఏం చేయాలో డాక్టర్ని ముందే అడిగి ఉంచుకోవాలి. వేసుకుంటే మాత్రం పక్కన పడుకునేవాళ్లకి చెప్పి తీరాలి, లేపాల్సింది వాళ్లే కదా. బాత్రూంకి వెళ్లొచ్చాకే బిళ్ల వేసుకోండి. షెల్టర్లో తెలియని మెట్లు, తడి నేల. ఆ మత్తులో పడితే పెద్దవాళ్లకి తుంటి ఎముక విరుగుతుంది.

గాలి హోరుకి నిద్ర పట్టలేదని రెండో బిళ్ల వేసుకోవడమే అన్నిటికన్నా ప్రమాదం. తిన్న వెంటనే వేసుకుంటే జోల్పిడెమ్ అనే నిద్రబిళ్ల ఆలస్యంగా పనిచేస్తుంది, పనిచేయలేదనుకుని ఇంకోటి మింగేస్తారు. దాని మత్తు ఉదయానికీ ఉంటుందనే 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆడవాళ్లకు 10 మిల్లీగ్రాముల మోతాదును 5కి తగ్గించింది. ఏడెనిమిది గంటలు పడుకునే వీలు లేనప్పుడు వేసుకోవద్దు. తెల్లారగానే పడిపోయిన చెట్ల మధ్య బండి నడపొద్దు.

చలికి కాస్త మద్యం పుచ్చుకుని పైన బిళ్ల వేస్తే ఊపిరి ఆగిపోవచ్చు. ట్రమడాల్ లాంటి నొప్పి మందులతోనూ అంతే. నిద్ర తెప్పించే జలుబు బిళ్లలు, దగ్గు సిరప్‌లు కలిసినా మత్తు పెరుగుతుంది. గురక మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి చికిత్స తీసుకుంటున్నవాళ్లు తమ కిడ్నీ డాక్టర్ని అడక్కుండా ఏ నిద్రబిళ్లా ముట్టుకోకూడదు.

ఎవరైనా ఎంత లేపినా లేవకపోతే, ఉప్పునీళ్లు, చింతపండు నీళ్లు పోసి కక్కించే పని చేయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, ఖాళీ స్ట్రిప్పు వెంట తీసుకెళ్లండి. తుఫాను పోయాక తోటలు కూలిన దిగులుతో ఉన్నవాళ్ల దగ్గర బిళ్లల డబ్బా ఉంచకండి. బతకాలని లేదని వాళ్లు ఒక్క మాటన్నా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీమానస్‌లో తెలుగులో రాత్రయినా మాట్లాడతారు, వెంటనే కలిపి ఫోన్ వాళ్ల చేతికివ్వండి.