నేర్చుకున్నదాని లెక్క – 4వ పాఠం: ఏ ప్రమాణం ఎంచుకోవాలి?

ఆన్‌లైన్ పాఠం నుంచి విద్యార్థి ఫలితాన్ని పంపే కోడ్ రాయమని పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందికి ఒకేచోట బెడిసింది. పరీక్ష తప్పిన విద్యార్థి రిపోర్టులో ‘పూర్తయింది’ అని కనిపిస్తున్నాడు. ‘చివరి పేజీలో స్టేటస్ పంపండి’ అని నేను ఒక్క ముక్కలో వదిలేయడం వల్లే ఇలా జరిగింది. ప్రమాణం (ఆ ఫలితాన్ని ఏ రూపంలో పంపాలో చెప్పే నియమావళి) ఎంపిక కూడా ఇక్కడే తేలుతుంది కనుక ముందు దీన్ని విప్పి చూద్దాం.

2001 నాటి స్కార్మ్ 1.2 అనే ప్రమాణంలో లెసన్ స్టేటస్ అనే గడి ఒక్కటే ఉంటుంది. పాఠం చివరిదాకా చూశారా, పరీక్ష నెగ్గారా అనే రెండు సంగతులూ అందులోనే సర్దుకోవాలి. క్విజ్ ముగియగానే మీ కోడ్ అందులో ‘ఫెయిల్డ్’ అని రాసింది. రెండు పేజీల తర్వాత ‘కంప్లీటెడ్’ అని రాసి దాన్ని చెరిపేసింది. స్కోరు 35 అలాగే ఉంది, పక్కన స్టేటస్ మాత్రం పూర్తి! రిపోర్టు చూసేవాళ్లు స్కోరు దాకా వెళ్లరు. అందుకే పరీక్ష ఉన్న పాఠంలో పాస్డ్, ఫెయిల్డ్ తప్ప ఇంకేదీ తుది స్టేటస్‌గా రాయకండి. కంప్లీటెడ్ పరీక్ష లేని పాఠాలకే. పాసైనవాళ్లు మళ్లీ చదువుకోవడానికి తెరిచినప్పుడు కూడా ముందు పాత స్టేటస్ చదవండి, పాస్డ్ ఉంటే ముట్టుకోకండి.

స్కార్మ్ 2004 ఈ రెండింటికీ వేర్వేరు గడులిచ్చింది. నేను దాన్ని అందుకోసమే వాడతాను, సీక్వెన్సింగ్ (ఏ భాగం తర్వాత ఏది తెరవాలో చెప్పే నియమాలు) జోలికి పోను. ఆ నియమాలు రాయడం కన్నా పరీక్షించడానికే ఎక్కువ రోజులు పోయాయి నాకు. ఎక్కడ ఆపారో గుర్తుంచుకునే సస్పెండ్ డేటాకు 1.2లో హామీ ఉన్నది 4,096 అక్షరాలకే. 2004 మూడో ఎడిషన్‌లో అది 64,000. ఎందులోనైనా జవాబుల పాఠ్యం కాకుండా సంకేతాలే దాచండి.

2013లో 1.0గా వచ్చిన ఎక్స్‌ఏపీఐ అనే ప్రమాణంలో గడులు లేవు. ‘ఎవరు, ఏం చేశారు, దేన్ని’ అనే వాక్యాలు ఎల్‌ఆర్‌ఎస్ అనే రికార్డుల నిల్వలో చేరుతుంటాయి. పాత వాక్యాన్ని దిద్దలేం, చెల్లదని మరో వాక్యం పంపగలం, అంతే. మొబైల్ యాప్, సిమ్యులేటర్ లాంటివి ఉంటే ఇదే దారి. కానీ ఏ క్రియ వస్తే కోర్సు ముగిసినట్టో ఇది చెప్పదు. ఒకరు ‘ఫినిష్డ్’ అని, మరొకరు ‘కంప్లీటెడ్’ అని పంపినా రెండూ చెల్లుతాయి, రిపోర్టులో మాత్రం కలవవు. 2016లో వచ్చిన సీఎంఐ5 ఆ లోటు పూడ్చింది. పాఠాన్ని ఎలా తెరవాలో, ఏ క్రియలు తప్పనిసరో నిర్ణయించింది. పూర్తి చేస్తే చాలా, పాసవ్వాలా, రెండూ కావాలా అన్నది ‘మూవ్ ఆన్’లో మీరే రాస్తారు. మీ ఎల్‌ఎంఎస్ (కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) సీఎంఐ5ను తెరవగలిగితే కొత్త కోర్సుకు నా ఓటు దానికే. తెరవలేకపోతే స్కార్మ్ 1.2 చాలు, పైన చెప్పిన జాగ్రత్తతో.

అభ్యాసం: ఒకామె మొదటిసారి 45తో తప్పింది, రెండోసారి 80తో నెగ్గింది, మూడోసారి ఒక్క పేజీ చదివి మూసేసింది. నాలుగు ప్రమాణాల్లోనూ ప్రతిసారి తర్వాత ఏం మిగులుతుందో కోడ్ ముట్టుకోకుండా కాగితం మీద రాయండి. మొత్తం పన్నెండు జవాబులు.