‘51 శాతం’ అన్న వార్తను ఎలా చదవాలి

గనులను ప్రభుత్వం తీసుకుందన్న వార్త కనబడగానే నేను కాగితం, పెన్సిలు తీస్తాను. ముప్పై ఏళ్లు లెక్కలు తనిఖీ చేసిన అలవాటు అది. మీరూ అలాగే చేయండి. జాంబియా రాగి గనులతో సాధన మొదలుపెట్టండి.

ముందు వాటా రాయండి. 1969 ఆగస్టులో రాజధాని లుసాకాలోని మటేరోలో జాంబియా అధ్యక్షుడు కెనెత్ కౌండా ప్రకటించినది 51 శాతం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ వాటాకు సొమ్ము ఎక్కడిదో వెతకండి: ప్రభుత్వం బాండ్లు ఇచ్చింది, వాటిని గనుల రాబడి నుంచే తీర్చాలి.

తర్వాత అసలు ప్రశ్న: గనిని నడిపేది ఎవరు? నిర్వహణ, అమ్మకాల ఒప్పందాలు గనుల పాత యజమానులైన ఆంగ్లో అమెరికన్, రోన్ సెలెక్షన్ ట్రస్ట్ సంస్థలకే దక్కాయి, రుసుముతో సహా. పట్టా మారింది, తాళంచెవులు మారలేదు. 1973లో కౌండా బాండ్లను గడువుకు ముందే తీర్చి, ఆ ఒప్పందాలకు స్వస్తి చెప్పారు. ఈ రెండు తేదీల మధ్య నాలుగేళ్లను నేను ఎప్పుడూ ఎర్ర సిరాతో గీస్తాను.

పక్కనే రాగి ధర రాయండి. 1975లో అది కుప్పకూలింది. ఆ గీత లేకుండా ‘జాతీయీకరణే దేశాన్ని ముంచింది’ అని తీర్పు చెప్పడం అన్యాయం, నాకు బాధ కలిగిస్తుంది.

చివరి వరుస ప్రజలది. కిట్వే, ముఫులీరా వంటి పట్టణాలలో గని సంస్థే ఆసుపత్రులు నడిపేది. గనులను ప్రైవేటుపరం చేశాక ఆ ఖర్చు ఎవరి పద్దులో పడిందో చూడండి.