పాత జీపును శని, ఆదివారాల్లో ఘాట్ రోడ్డుకు సిద్ధం చేయడం ఎలా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల్లో తెలుగువాళ్ల ఇళ్ల ముందు ఇప్పటికీ పాత మహీంద్రా జీపులు, మారుతీ జిప్సీలు కనిపిస్తాయి. జీడితోటకు వెళ్లాలన్నా, గెడ్డ (వాగు) దాటి అవతలి ఊరికి సరుకు చేర్చాలన్నా వాటినే బయటికి తీస్తారు. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్ ఉన్న ఎంఎం 540 కానీ, 1985లో 970 సీసీ ఇంజిన్‌తో వచ్చిన జిప్సీ కానీ కంప్యూటర్ తగిలించి చూడాల్సిన బళ్లు కావు. స్పానర్ల సెట్టు, గ్రీజు గన్ను, ఒక మల్టీమీటర్, సాయానికి ఒక మనిషి ఉంటే చాలా పనులు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

అయితే ఏ పని ముందు చేయాలన్న దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. పాత బండి చేతికి రాగానే పెద్ద టైర్లు, లైట్ బారు, ఎత్తు పెంచే షాకిళ్లు (స్ప్రింగు పట్టీలను చాసిస్‌కు తగిలించే లింకులు) కొనేస్తారు. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కి, మళ్లీ అదే దారిలో లోడుతో దిగే బండికి నా లెక్కలో మొదటి అప్‌గ్రేడ్ కొత్త బ్రేక్ ఆయిల్. తర్వాత స్టీరింగ్, ఆ తర్వాత నూనెలు, కూలింగ్, వైరింగ్. కంటికి కనిపించే సోకులన్నీ వీటి తర్వాతే.

శుక్రవారం సాయంత్రం: కింద నుంచి కడగండి

మన ఎర్రమట్టి చాసిస్ లోపల, కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మధ్య, బ్రేక్ ప్లేట్ల వెనక గట్టిపడి కూర్చుంటుంది. దాని కింద తుప్పు ఎంత తిన్నదీ, ఆయిల్ ఎక్కడ కారుతున్నదీ తెలియదు. అందుకే ముందురోజే బాగా కడిగి, రాత్రంతా ఆరనివ్వాలి. ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటారు, హబ్బు సీళ్ల మీదికి మాత్రం ప్రెషర్ గన్ను నేరుగా పట్టకండి. చాసిస్ అడుగున నీళ్లు బయటికి పోయే కన్నాలు ఉంటాయి. ఒక ఇనప పుల్లతో వాటిని శుభ్రం చేయండి. అవి మూసుకుపోతే చాసిస్ లోపలి నుంచే పుచ్చిపోతుంది.

పొద్దున్నే టార్చి పట్టుకుని కిందికి దూరండి. తడిగా మెరిసే చోటల్లా సుద్దతో గుర్తు పెట్టుకోండి. స్టీరింగ్ బాక్సు చాసిస్‌కు బిగించిన చోట, కమాన్ పట్టీల బ్రాకెట్ల దగ్గర సన్నటి పగుళ్లు ఉన్నాయేమో మరీ జాగ్రత్తగా చూడండి. పగులు కనిపిస్తే ఈ వారం మిగతా పనులు ఆపేసి, ముందు మంచి వెల్డర్ దగ్గరికి వెళ్లాలి.

బండి లేపేముందు

ఇక్కడ తొందర పనికిరాదు. చాలా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది, అది పట్టేది షాఫ్ట్‌ను. వెనక చక్రం ఒక్కటి గాల్లోకి లేచిందంటే, డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే గేర్లు) వల్ల ఆ చక్రం ఒకవైపు, నేల మీది చక్రం రెండో వైపు తిరగగలవు. అంటే హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి ఉన్నా బండి దొర్లిపోతుంది. గేరులో వేసి ఉంచినా ఇదే జరుగుతుంది. కాబట్టి సమతలంగా, గట్టిగా ఉన్న నేల చూసుకోండి. కింద ఉండే చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టండి. జాకీని యాక్సిల్ కింద పెట్టి లేపి, స్టాండ్ల మీద దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి వెళ్లొద్దు. ఇటుకలు పేర్చి వాటి మీద నిలబెట్టడం ఇంకా ప్రమాదం, బరువు పడితే అవి ఒక్కసారిగా పగిలిపోతాయి.

శనివారం ఉదయం: బ్రేకులు

బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉండాలన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ పరిమితి 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు ఆగకుండా బ్రేకు తొక్కితే డ్రమ్ముల వేడి, లైనర్లను డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్‌కు చేరుతుంది, లోపలి ఆయిల్ మరిగి బుడగలు వస్తాయి, పెడల్ నేలకు అంటుకుంటుంది. పైగా పాత మోడళ్లు కొన్నిటిలో పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌కు ఒకే లైను ఉంటుంది. ఒక్క చక్రం దగ్గర లీకయినా నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే శనివారం ఉదయమంతా ఈ పనికే కేటాయించండి.

డ్రమ్ములు ఊడదీశాక లోపలి పొడిని గాలితో ఊదకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. మాస్కు పెట్టుకుని, నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడవండి. వీల్ సిలిండర్ చివర ఉన్న రబ్బరు తొడుగును కొద్దిగా ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే కిట్ మార్చాలి, లోపలి గోడ గీతలు పడి ఉంటే సిలిండరే మార్చాలి. ఈ రబ్బర్లను పెట్రోలుతో, డీజిల్‌తో కడగకూడదు, ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి. వెనక డ్రమ్ములో గేర్ ఆయిల్ వాసన వస్తే యాక్సిల్ సీల్ పోయినట్టే. సీల్ మార్చకుండా లైనర్లు మాత్రం కొత్తవి వేస్తే కొన్నాళ్లకే అవీ తడిసిపోతాయి. నూనె తాగిన లైనర్‌ను మంట మీద కాల్చి మళ్లీ వాడే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది, మీరు ఒప్పుకోవద్దు. రబ్బరు హోసులను వంచి చూడండి, పగుళ్లుంటే మార్చేయండి.

ఇక బ్రేకు లైన్లలోని ఎయిర్ తీయడం. మన బళ్లకు మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంటుంది కాబట్టి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి: ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. వీల్ సిలిండర్ వెనక ఉండే నిపుల్‌కు సన్నటి పారదర్శక గొట్టం తొడిగి, రెండో కొనను కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. పక్క మనిషి పెడల్‌ను నెమ్మదిగా నాలుగైదుసార్లు కొట్టి తొక్కిపట్టాలి. మీరు నిపుల్ వదులు చేసి, పెడల్ కిందికి వెళ్లాక, అతను కాలు తీయకముందే బిగించాలి. బుడగలు ఆగి కొత్త ఆయిల్ రంగు కనిపించే దాకా ఇలాగే చేయండి. మధ్యలో పైన డబ్బా ఖాళీ అవనివ్వొద్దు, అయితే పని మళ్లీ మొదటికొస్తుంది. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి. ఒకసారి విప్పి చాన్నాళ్లు ఉంచిన డబ్బాలోని ఆయిల్ వాడొద్దు.

చక్రం ఆట, స్టీరింగ్ ఆట

ముందు చక్రం గాల్లో ఉండగానే పైన, కింద పట్టుకుని ఊపండి. ఆట ఉందనుకోండి, పక్క మనిషిని బ్రేకు తొక్కిపట్టమనండి. ఆట మాయమైతే తప్పు హబ్బు బేరింగ్‌ది. అలాగే మిగిలితే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం మళ్లే ఇరుసు) బేరింగ్ అరిగింది. తర్వాత ముందు, వెనక పట్టుకుని ఊపండి. ఇప్పుడు కదిలితే రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ ఎండ్లు చూడాలి. ఈ చిన్న పరీక్ష తెలిస్తే షెడ్డుకు వెళ్లినా ఏం మార్చాలో మీరే చెప్పగలరు, అనవసరంగా అన్నీ మార్పించుకునే పని ఉండదు.

స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ తిప్పేసి ఆట మొత్తం తీసేయాలని చూడకండి. ముందు బాక్సు బోల్టులు, రాడ్లు, కింగ్‌పిన్నులు సరిచూసుకున్నాకే దాన్ని ముట్టుకోవాలి, అదీ చక్రాలు నేరుగా ఉన్నప్పుడు, కొద్దికొద్దిగా. ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు.

కమాన్ పట్టీల యూ బోల్టులు, షాకిల్ బుష్షులు, సెంటర్ బోల్టు చూసి, గ్రీజు నిపుళ్లన్నిటికీ పాత నల్లటి గ్రీజు బయటికొచ్చే దాకా కొట్టండి. పొడవాటి షాకిళ్లు వేసి ఎత్తు పెంచడం నాకు నచ్చదు. క్యాస్టర్ కోణం (కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) మారి బండి రోడ్డు మీద నిలకడగా పోదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల మీద భారం పెరుగుతుంది.

శనివారం మధ్యాహ్నం: నూనెలు, బ్రీదర్ గొట్టాలు

ముందు పైన పోసే ప్లగ్గు విప్పండి, అది ఊడాకే కింది డ్రెయిన్ ప్లగ్గు విప్పండి. ఆయిలంతా వదిలేశాక పై ప్లగ్గు ఊడకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. ముందు, వెనక యాక్సిళ్లు, ట్రాన్స్‌ఫర్ కేసు, గేర్ బాక్సు నాలుగూ విడివిడిగా చూడాలి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు వెళ్లాయన్నమాట. యాక్సిళ్లకు సాధారణంగా ఈపీ 90 గేర్ ఆయిల్ పోస్తారు. గేర్ బాక్సుకు మాత్రం బండి పుస్తకంలో ఉన్నదే పోయండి, అన్నిటికీ ఒకే డబ్బా పనికిరాదు.

నీళ్లు ఎలా వెళ్తాయంటే, ప్రతి యాక్సిల్ మీదా గాలి ఆడటానికి బ్రీదర్ అనే చిన్న మూత ఉంటుంది. మట్టితో అది మూసుకుపోతుంది. చాలా దూరం నడిచి వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా గెడ్డ నీళ్లలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల సందుల్లోంచి నీటిని లాక్కుంటుంది. బ్రీదర్ తీసి, అదే మరకు సరిపోయే నిపుల్ బిగించి, దానికి ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు గొట్టం తొడగండి. కొనను బానెట్ లోపల పైదాకా తెచ్చి, నోరు కిందికి వంచి కట్టేయండి. సైలెన్సర్‌కు, కదిలే షాఫ్ట్‌కు తగలకూడదు. యాక్సిల్ పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి గొట్టం కొంచెం వదులుగా ఉండాలి. వానాకాలంలో వంశధార, నాగావళి గెడ్డలు దాటే బండికి ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే అప్‌గ్రేడ్ ఇంకొకటి నాకు తెలియదు.

ఆదివారం ఉదయం: కూలింగ్

ఇంజిన్ చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. రేడియేటర్‌కు ఇంజిన్ వైపు నుంచి ముందుకు నీళ్లు కొడితే రేకుల్లో చిక్కుకున్న మట్టి, పురుగులు వచ్చిన దారినే బయటికి పోతాయి. లోపల తుప్పు నీళ్లుంటే వదిలేసి, శుభ్రం చేసి, కూలెంట్ పోయండి.

వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేయడం మన దగ్గర బాగా అలవాటైంది. అలా చేస్తే కోరాపుట్ చలికాలంలో డీజిల్ ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, పొగ పెరుగుతుంది, అరుగుదల పెరుగుతుంది. దాన్ని తీగతో గిన్నె నీళ్లలో వేలాడదీసి వేడి చేయండి. దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకుంటే బాగున్నట్టు, లేకపోతే కొత్తది వేయండి. బెల్టు, హోసులు, మూత రబ్బరు కూడా అప్పుడే చూసుకోండి.

డీజిల్ బండయితే వాటర్ సెపరేటర్‌లో అడుగున చేరిన నీళ్లు వదలండి. ఫిల్టర్ మార్చాక గాలి స్క్రూ విప్పి, చేతి పంపు బుడగలు ఆగే దాకా కొట్టాలి.

ఆదివారం మధ్యాహ్నం: దీపాలకు రిలే

పొట్టంగి మంచులో పాత బండి దీపాలు మసకగా ఉన్నాయని ఎక్కువ వాట్ల బల్బులు వేస్తారు. చాలాసార్లు తప్పు బల్బుది కాదు. బ్యాటరీ కరెంటంతా పాత స్విచ్చు, సన్నటి వైర్ల గుండా తిరిగొచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, దీపాలు వేసి, మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు కనెక్టర్ దగ్గర ఒకసారి చూడండి. ఒక వోల్టుకు మించి తేడా ఉంటే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) పెట్టాల్సిందే.

ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. హై బీముకు ఒకటి, లో బీముకు ఒకటి, మొత్తం రెండు రిలేలు. బ్యాటరీ ప్లస్ నుంచి, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు పెట్టి, 30 నంబరు కాలికి వైరు ఇవ్వండి. 87 నుంచి బల్బులకు. స్విచ్చు నుంచి వచ్చే పాత వైరు 86కు, 85 ఎర్త్‌కు. రెండు 60 వాట్ల బల్బులు కలిపి 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లాగుతాయి కాబట్టి 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతాయి. ఇంజిన్ నుంచి చాసిస్‌కు, చాసిస్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీలను విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించండి. సెల్ఫ్ బద్ధకంగా తిరగడం చాలా బళ్లలో దీంతోనే పోతుంది.

టైర్లు, చట్టం

టైరు అంచు మీద డాట్ అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గుబ్బలు మిగిలి ఉన్నా పక్కన పగుళ్లున్న టైరును ఘాట్ ఎక్కించకండి. సైజు పెంచితే బ్రేకుల మీద, యాక్సిళ్ల మీద బరువు పడుతుంది, స్పీడోమీటర్ తప్పు చూపుతుంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ముందు పెట్టే ఇనప గార్డులను 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. సొంత బండికి 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, అప్పుడు ఇలాంటివన్నీ అడ్డం వస్తాయి. సరిహద్దు దాటి పార్వతీపురం, సాలూరు వైపు వెళ్లేటప్పుడు ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు బండిలోనే ఉంచండి.

ఆదివారం సాయంత్రం: నడిపి చూడండి

మొదట ఖాళీ మైదానంలో, తక్కువ వేగంతో బ్రేకు తొక్కి చూడండి. బండి ఒక పక్కకు లాగుతుంటే బ్రేకు అడ్జస్టర్లు సమంగా లేవు. ఫోర్ వీల్‌ను మట్టిలోనే వేసి చూడాలి. ఈ బళ్లకు మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపులు తిరిగితే షాఫ్టులు బిగుసుకుపోతాయి.

పది, పదిహేను కిలోమీటర్లు తిరిగి వచ్చి, నాలుగు హబ్బుల దగ్గరా అరచెయ్యి పెట్టండి. ముందు దూరం నుంచి, సెగ చూసుకుంటూ. ఒక్కటే మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ లైనర్ రాసుకుంటోంది, లేదా బేరింగ్ ఎక్కువ బిగిసింది. అది సరిచేసే దాకా ఘాట్ వద్దు. విప్పి బిగించిన యూ బోల్టులు, చక్రం నట్లు వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించండి, బ్రేక్ ఆయిల్ మట్టం కూడా అప్పుడే చూడండి.