క్రూయిజ్ షిప్‌లో ఉద్యోగానికి వరంగల్ నుంచి ఎలా వెళ్లాలి? ఏది ముందు, ఏది తర్వాత

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ పోయినవాళ్లు లేని ఊరు దొరకడం కష్టం. ఏజెంటు చేతిలో పైసలు పెడితేనే వీసా వస్తుందన్న నమ్మకం అక్కడ బలంగా నాటుకుపోయింది. క్రూయిజ్ షిప్ (విహార నౌక) ఉద్యోగానికి అదే నమ్మకంతో బయల్దేరితే మొదటి మెట్టు మీదే జారిపడతారు. ఓడల్లో పనిచేసేవాళ్లకు వర్తించే మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2006 ప్రకారం, ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోకూడదు. పాస్‌పోర్ట్, సీమన్ బుక్ (ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం, దీన్నే సీడీసీ అంటారు), మెడికల్ సర్టిఫికెట్ ఖర్చులు మీవి. వీసా ఖర్చు ఓడ యజమానిది. భారత్ ఈ ఒప్పందాన్ని 2015లో ఆమోదించింది. మీ దగ్గరున్న డబ్బు పని నేర్చుకోవడానికి, కాగితాలకు సరిపోతే చాలు.

1. ఏ పనికి పోతారో, ఎంత మిగులుతుందో తేల్చుకోండి

2024లో మయామి నుంచి తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ ఓడలో సిబ్బందే సుమారు 2,350 మంది. ఇలాంటి ఓడల్లో పనులు మూడు విభాగాలుగా ఉంటాయి: డెక్, ఇంజిన్, హోటల్. ఎక్కువమంది ఉండేది హోటల్ విభాగంలోనే. వంటగది, డైనింగ్ హాల్, బార్, గదుల శుభ్రత, లాండ్రీ, రిసెప్షన్ అన్నీ దాని కిందికే వస్తాయి.

జీతాలు డాలర్లలో ఉంటాయి, కంపెనీని బట్టి బాగా మారతాయి. ఒక అంచనాకు: గిన్నెలు కడిగే, క్లీనింగ్ చేసే యుటిలిటీ పనికి నెలకు 600 నుంచి 900. అసిస్టెంట్ వెయిటర్, క్యాబిన్ అటెండెంట్‌లకు టిప్పులతో కలిపి 1,000 నుంచి 1,800. వంటలో షెఫ్ డి పార్టీ (కిచెన్‌లో ఒక విభాగం చూసుకునే వంటవాడు) స్థాయికి 1,500 పైన, సూ షెఫ్‌కు (ప్రధాన షెఫ్ తర్వాతి స్థానం) 2,500 పైన. ఇంజినీరింగ్ అధికారుల జీతాలు ఇంకా పైనుంటాయి.

ఈ అంకెలను పన్నెండుతో గుణించి ఇంట్లో చెప్పకండి. హోటల్ విభాగంలో కాంట్రాక్టు సాధారణంగా 6 నుంచి 9 నెలలు. ఆ తర్వాత రెండు నెలల దాకా ఇంటి దగ్గర ఉంటారు, చాలా కంపెనీల్లో ఆ రోజులకు జీతం రాదు. నెలకు 1,200 డాలర్ల చొప్పున 8 నెలలకు వచ్చేది 9,600. దాన్ని 10 నెలలకు పంచితే 960. అప్పు చేసి వెళ్లేవాళ్లు వాయిదా లెక్కను ఈ 960 మీద వేసుకోవాలి. అయితే తిండి, గది ఓడలోనే ఉచితం కాబట్టి ఆ సొమ్ములో ఎక్కువ భాగం ఇంటికి పంపవచ్చు. హైదరాబాద్ హోటల్ జీతంతో పోల్చేటప్పుడు గది అద్దె, తిండి ఖర్చు తీసేసి చూడండి.

బీటెక్ చేసినవాళ్లు హోటల్ విభాగం వైపు చూడకపోవడమే మంచిది. మెకానికల్ వాళ్లకు ఏడాది గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్ కోర్సు ఉంది. ఎలక్ట్రికల్ వాళ్లకు సుమారు నాలుగు నెలల ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ కోర్సు ఉంది. వయసు, మార్కుల నిబంధనలు కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగమైన డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ (డీజీ షిప్పింగ్) నిర్ణయిస్తుంది, ఫీజు కట్టే ముందు అవి చూసుకోండి. నర్సింగ్ చేసి వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలోనో ఐసీయూలోనో రెండు మూడేళ్లు పనిచేసినవాళ్లకు ఓడ ఆసుపత్రిలో మంచి అవకాశం ఉంటుంది. దానికి అడ్వాన్స్‌డ్ కార్డియాక్ లైఫ్ సపోర్ట్ సర్టిఫికెట్ అడుగుతారు.

2. ఓడ ఎక్కే ముందు ఒడ్డు మీద రెండేళ్లు

హోటల్ విభాగానికి పోయేవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది ఇక్కడే. కంపెనీలు అడిగేది నాలుగు లేదా ఐదు నక్షత్రాల హోటల్‌లో ఏడాది నుంచి రెండేళ్ల అనుభవం. హన్మకొండ రెస్టారెంట్లలో పని మొదలుపెట్టవచ్చు, చేతికి వేగం వస్తుంది. ఫంక్షన్ హాల్ క్యాటరింగ్‌లో వెయ్యి మందికి వడ్డించిన అనుభవం మాత్రం ఇంటర్వ్యూలో పెద్దగా లెక్కకు రాదు, ఎందుకంటే అక్కడ మెనూ చూసి ఆర్డర్ తీసుకోవడం, వరుసగా ఒక వంటకం తిన్నాక మరొకటి వడ్డించడం ఉండదు. ఆరు నెలల తర్వాతైనా హైదరాబాద్ స్టార్ హోటల్‌కు మారాలి.

చదువు కావాలనుకుంటే హైదరాబాద్ విద్యానగర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్, గచ్చిబౌలిలో నిథమ్ ఉన్నాయి. మూడేళ్ల డిగ్రీయే కావాలని లేదు. వంటలోకి వెళ్లాలనుకునేవాళ్లకు ఏడాదిన్నర ఫుడ్ ప్రొడక్షన్ క్రాఫ్ట్ కోర్సు, ఆపై మంచి కిచెన్‌లో రెండేళ్లు చాలు.

పని మానేసేటప్పుడు అనుభవ పత్రం లెటర్‌హెడ్ మీద తీసుకోండి. అందులో హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ, హోటల్ ఫోన్ నంబరు ఉండాలి. ఏజెన్సీలు ఫోన్ చేసి అడుగుతాయి. జీతం స్లిప్పులు, పీఎఫ్ వివరాలు కూడా దాచుకోండి. దొంగ అనుభవ పత్రం పట్టుబడితే ఆ ఏజెన్సీ తలుపు మళ్లీ తెరుచుకోదు.

3. పాస్‌పోర్ట్: పేరు దగ్గర జాగ్రత్త

కరీంనగర్, నిజామాబాద్‌లలో పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలున్నాయి, వరంగల్ వాళ్లకు పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రం ఉంది. 36 పేజీల బదులు 60 పేజీల పుస్తకం తీసుకోండి, స్టాంపులతో తొందరగా నిండుతుంది.

టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉండడం మన దగ్గర మామూలు. ముందు ఆధార్ సరిచేయించుకుని తర్వాతే పాస్‌పోర్ట్‌కు వెళ్లండి. దరఖాస్తులో ఇంటిపేరు, సొంతపేరు గడులు రెండూ నింపాలి. ఒక గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో సొంతపేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. తర్వాత టికెట్, కాంట్రాక్టు, సీమన్ బుక్ ఒక్కోటీ ఒక్కో పేరుతో తయారవుతాయి.

4. ఏజెన్సీని పరీక్షించండి

భారత్‌లో నావికులను నియమించే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. గల్ఫ్‌కు పంపే ఏజెంట్ల రిజిస్ట్రేషన్ వేరు, అది చూపిస్తే సరిపోదు. లైసెన్సు నంబరు అడిగి తీసుకుని డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోని జాబితాలో మీరే వెతకండి. లైసెన్సు ఇప్పటికీ చెల్లుతోందా, అక్కడున్న చిరునామా, ఫోన్ మీకు ఇచ్చినవేనా చూడండి. తర్వాత క్రూయిజ్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో భారత్‌లో వాళ్ల నియామక భాగస్వామి ఎవరో చూడండి. రెండూ కలవాలి.

మోసం ఆనవాళ్లు ఇవి: ఇంటర్వ్యూ లేకుండా వాట్సాప్‌లో ఆఫర్ లెటర్. ‘సెక్యూరిటీ డిపాజిట్’, ‘వీసా ప్రాసెసింగ్’ పేరిట డబ్బు. జీతం రాసి ఓడ పేరు, హోదా రాయని కాగితం. పనామా సీడీసీయో బెలిజ్ సీడీసీయో వారంలో తెప్పిస్తానన్న హామీ. పాస్‌పోర్ట్ అసలుది తమ దగ్గర ఉంచుకుంటామన్నా లేచి వచ్చేయండి.

5. ఇంటర్వ్యూ

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లిష్ దగ్గర అనవసరంగా కుంగిపోతారు. అడిగేది వ్యాకరణం గురించి కాదు. అమెరికన్ అతిథి వేగంగా చెప్పింది అర్థమవుతోందా, అర్థం కాకపోతే మర్యాదగా మళ్లీ అడుగుతారా అన్నదే చూస్తారు. కొన్ని కంపెనీలు మార్లిన్స్ అనే ఆన్‌లైన్ ఇంగ్లిష్ పరీక్ష పెడతాయి. అందులో వినికిడి భాగం ఉంటుంది, రోజూ అరగంట ఇంగ్లిష్ వార్తలు హెడ్‌ఫోన్‌లో వినడం దానికి మంచి సాధన.

పనికి సంబంధించిన ప్రశ్నలు సూటిగా ఉంటాయి. వంటవాళ్లను ఐదు మదర్ సాసుల పేర్లు అడుగుతారు: బెషమెల్, వెలూటే, ఎస్పన్యోల్, టొమాటో, హాలండైజ్. పేర్లు బట్టీపట్టి వెళ్తే రెండో ప్రశ్న దగ్గర దొరికిపోతారు, ఎందుకంటే హాలండైజ్ విరిగితే ఏం చేస్తారన్నది అడుగుతారు. వెయిటర్లను అతిథి కూర్చున్న దగ్గర నుంచి బిల్లు దాకా వరుస చెప్పమంటారు. జీడిపప్పు, బాదం లాంటి గింజల (నట్స్) అలర్జీ ఉందని అతిథి అంటే ఏం చేస్తారని అడుగుతారు. ‘కిచెన్‌కు చెప్తాను’ అంటే సగం జవాబే, సూపర్‌వైజర్‌కు తెలిపి ఆర్డర్ మీద రాయించి, ప్లేటు విడిగా వచ్చేలా చూస్తానని చెప్పాలి.

అమెరికా రేవుల్లో ఆగే ఓడలను అక్కడి ఆరోగ్య శాఖ చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తుంది. 100 మార్కులకు 85 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఓడ ఫెయిలైనట్టు. అందుకే చల్లని పదార్థం 5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువలో, వేడిది 57 డిగ్రీలు లేదా అంతకన్నా ఎక్కువలో ఉంచాలన్నది యుటిలిటీ పనికి పోయేవాళ్లకూ తెలిసుండాలి.

6. ఎంపికయ్యాక కాగితాలు

ముందుగానే కోర్సులన్నీ చేసి కూర్చోకండి. కొన్ని కంపెనీలు సీడీసీ ఉన్నవాళ్లనే ఇంటర్వ్యూకు పిలుస్తాయి, ప్రకటనలో ఆ మాట ఉంటే తప్ప ఎంపికయ్యాక మొదలుపెట్టడమే మేలు. వరుస ఇది: ముందు ఇండోస్ నంబరు (భారత నావికుల జాబితాలో మీకిచ్చే గుర్తింపు సంఖ్య), తర్వాత ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రాథమిక కోర్సులు, ఆపై సీమన్ బుక్, అంటే సీడీసీ. దరఖాస్తు డీజీ షిప్పింగ్ పోర్టల్‌లో చేయాలి. సీడీసీ పదేళ్లు చెల్లుతుంది.

ప్రాథమిక కోర్సుల్లో ప్రాణరక్షణ, మంటలార్పడం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత ఉంటాయి. భద్రతా విధుల కోర్సు వేరుగా చేయాలి. అన్నీ కలిపి రెండు వారాలు పడుతుంది. విశాఖపట్నం, చెన్నై, ముంబై, గోవాల్లో ఆమోదం ఉన్న సంస్థలున్నాయి. వరంగల్ వాళ్లకు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విశాఖ తేలిక. ప్రాణరక్షణ కోర్సులో లైఫ్ జాకెట్ వేసుకుని ఎత్తు నుంచి నీళ్లలోకి దూకిస్తారు. చెరువులో కూడా దిగనివాళ్లు వెళ్లే ముందు నెల రోజులు ఈత కొలనుకు వెళ్లి నీటి భయం పోగొట్టుకోవాలి.

మెడికల్ పరీక్ష డీజీ షిప్పింగ్ ఆమోదించిన డాక్టర్ దగ్గరే చేయించాలి. పిత్తాశయంలో రాళ్లు, హెర్నియా, అదుపులో లేని బీపీ, షుగర్, పుచ్చిపళ్లు మనవాళ్లను ఎక్కువగా ఆపేవి. సముద్రం మధ్యలో ఆపరేషన్ చేసే వీలుండదు కాబట్టి రాళ్లు నొప్పి పెట్టకపోయినా ఒప్పుకోరు. ఇంటర్వ్యూకు ముందే ఒక స్కానింగ్, పళ్ల డాక్టర్ దగ్గర ఒకసారి చూపించుకోవడం చవకైన పని. గుట్కా, జర్దా అలవాటుంటే ఇప్పుడే మానాలి. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. సర్టిఫికెట్ పదో రోజు నుంచి చెల్లుతుంది, అందుకని ప్రయాణం ముందు వారం దాకా ఆగితే కుదరదు.

అమెరికా రేవుల్లో ఎక్కేవాళ్లకు ఓడ సిబ్బందికి ఇచ్చే సీ1/డీ వీసా కావాలి. కంపెనీ ఉత్తరం వచ్చాక దరఖాస్తు చేసి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లాలి. ఓడ పేరు, మీ హోదా, జీతం, ఎన్ని నెలల కాంట్రాక్టు అన్నవి తడబడకుండా చెప్పగలగాలి.

7. ఓడలో మొదటి నెల

రోజుకు 10, 11 గంటల పని, వారంలో పూర్తి సెలవు రోజు ఉండదు. నిబంధన ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి, అది రెండు ముక్కలకు మించకూడదు, ఒక ముక్క కనీసం 6 గంటలుండాలి. గంటల రికార్డు మీద సంతకం చేసే ముందు చదవండి. గది ఇద్దరికి, పైన కింద పడకలు, చాలావాటికి కిటికీ ఉండదు. అన్నం, పప్పు క్రూ మెస్‌లో దొరుకుతాయి. పచ్చడి కోసం మాత్రం సూట్‌కేసు నింపకండి, కొన్ని రేవుల కస్టమ్స్ దగ్గర తీసి పారేయవచ్చు.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అత్యవసర హెచ్చరిక. వంటవాడైనా వెయిటరైనా తన మస్టర్ స్థానానికి (ప్రమాద సమయంలో చేరాల్సిన చోటు) పరుగెత్తాల్సిందే, ఎందుకంటే లైఫ్ బోట్ ఎక్కించడంలో ప్రతి ఒక్కరికీ పని ఉంటుంది. డ్రిల్లుకు రాకపోవడం, అతిథులతో హద్దు దాటడం, మద్యం పరిమితి మించడం, ఈ మూడింటికి చాలాచోట్ల రెండో అవకాశం ఉండదు.

జీతం కోసం బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన దాచే ప్రవాసుల ఖాతా) తెరవండి. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం ఆర్థిక సంవత్సరంలో దేశంలో ఉన్న రోజులు 182 కన్నా తక్కువైతేనే ప్రవాస హోదా వస్తుంది, అంటే బయట దాదాపు 184 రోజులు గడపాలి. డిసెంబర్ 1న ఎక్కితే మార్చి 31 నాటికి 121 రోజులే అవుతాయి, అప్పటికి ముందు మరే ప్రయాణమూ లేకపోతే ఆ ఏడాదికి మీరు నివాసిగానే లెక్క. ఎక్కే తేదీ ఎంచుకునే వీలుంటే ఈ లెక్క ముందే వేసుకోండి.

దిగే రోజు సీడీసీలో ఎక్కిన తేదీ, దిగిన తేదీ, ఓడ పేరు, స్టాంపు సరిగ్గా పడ్డాయో అక్కడే చూసుకోండి. పనితీరు నివేదిక నకలు, చివరి జీతం స్లిప్పు తీసుకోండి. ఓడ దిగి ఇల్లు చేరాక ఒక్క స్టాంపు కోసం ఉత్తరాలు నడపాలంటే వారాలు పడుతుంది, అది లేకపోతే తర్వాతి కాంట్రాక్టు ఆగిపోతుంది.