బెంగళూరులో బడి ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో బీఎడ్ చదవడం ఎలా

మారతహళ్ళిలోనో, కె.ఆర్.పురంలోనో ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న తెలుగు ఉపాధ్యాయులు ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) బీఎడ్‌కు దరఖాస్తు చేసే ముందు అర్హతను సరిచూసుకోవాలి. డిగ్రీ మార్కులు ఒక్కటే చాలవు, ప్రాథమిక విద్యలో శిక్షణ పొంది ఉద్యోగంలో ఉన్నవారికో, ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తించిన ఉపాధ్యాయ శిక్షణను నేరుగా తరగతులకు హాజరై పూర్తిచేసినవారికో మాత్రమే ప్రవేశం ఉంటుంది. కోర్సుకు కనీస గడువు 2 ఏళ్ళు, గరిష్ఠ గడువు 5 ఏళ్ళు.

దూరవిద్య అన్న మాట విని అంతా ఇంట్లోనే ముగుస్తుందనుకోవడం పొరపాటు. 12 రోజుల చొప్పున 2 వర్క్‌షాపులకు స్వయంగా హాజరు కావాలి, మొత్తం 16 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. కాబట్టి సెలవు సంగతి ప్రధానోపాధ్యాయులతో ముందే మాట్లాడి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాటను నమ్ముకుంటే పరీక్షల నెలలో చిక్కుల్లో పడతారు.

ఎక్కువ శ్రద్ధ పాఠ్యప్రణాళిక (లెసన్ ప్లాన్) మీద పెట్టాలి. భిన్నాల పాఠానికి ‘విద్యార్థులు భిన్నాలను అర్థం చేసుకుంటారు’ అని లక్ష్యం రాస్తే దాన్ని కొలిచే దారి లేదు. ‘కాగితాన్ని 4 సమాన భాగాలుగా మడిచి, 3 భాగాలకు రంగు వేసి, పక్కన 3/4 అని రాస్తారు’ అని రాస్తే, పిల్లవాడికి వచ్చిందో లేదో కాగితమే చెబుతుంది. అసైన్‌మెంట్లను సొంత మాటల్లో, మీ తరగతిలో జరిగిన ఉదాహరణలతో రాయండి. మెట్రో ప్రయాణంలో చదవడం కుదురుతుంది గానీ రాయడం కుదరదు, దానికి ఆదివారం ఉదయాన్ని కేటాయించుకోండి. సమర్పించే ముందు ప్రతి పుటనూ ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.